థార్ దారిలో మునెమ్మ వదిన

మా ప్రయాణం గురించి గుడియాత్తంలో ఒక కథ తిరుగుతోంది. కూరగాయల అంగట్లో ఒక రకంగా, మగ్గాల వీధిలో ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. చెప్పేవాళ్ళెవరూ ఆ కారులో లేరు. నేను ఉన్నాను. ఎడారి చూడనివాళ్ళకు అది ఎలా ఉంటుందో చెప్పినట్టూ ఉంటుంది, మా ఇంటి పరువు కొంచెం నిలబెట్టినట్టూ ఉంటుందని ఇది రాయడానికి కూర్చున్నాను.

వెళ్ళింది ముగ్గురం. మా ఆయన దేవరాజు వేలూరులో ఇళ్ళు కట్టే మేస్త్రీ. తొరపాడిలో కాపురం. నేను దగ్గర్లోని ఒక బడిలో తెలుగు చెబుతాను. మా బంధువులందరూ తెలుగే మాట్లాడతారు, కానీ ఆ అక్షరాలు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మా ఇళ్ళలో పెండ్లిపత్రికలు కూడా అరవంలోనే అచ్చువేస్తారు. మూడో మనిషి మా వదిన మునెమ్మ, ఆయనకు అక్క. గుడియాత్తంలో లుంగీలు నేస్తుంది. కొడుకు, కోడలు కూడా అదే పని. వదిన మగ్గం దిగితే మాట్లాడుతుంది, మగ్గం మీద ఉన్నా మాట్లాడుతుంది.

జైసల్మేర్ పసుపురాయిని మా ఆయన ఎన్నో ఇళ్ళ ముందరి గోడలకు అతికించారు. ఆ రాయి పుట్టినచోటు ఒక్కసారి చూడాలని చాలాకాలంగా అంటుండేవారు. చెన్నైలో ఉద్యోగం చేసే మా అమ్మాయి చివరికి టికెట్లు తీసి, జోధ్‌పూర్‌లో అద్దె కారు మాట్లాడి, ఫోనులో ఒక ఆడియో టూరు కూడా కొని పెట్టింది. మనం కారు నడుపుకుంటూ పోతుంటే, ఎక్కడ ఉన్నామో ఫోనే తెలుసుకుని ఆ చోటి సంగతులు చెబుతుంది. గైడు అక్కర్లేదు. "భాష తెలుగే పెట్టినా అమ్మా, నీకోసం" అంది. మా కష్టాలకు మొదలు ఆ ఒక్క మాట.

జోధ్‌పూర్ దాటాక

మా ఆయనకు హిందీ వచ్చు. ఆయన దగ్గర పనిచేసే బీహారు కూలీల దగ్గర నేర్చుకున్నారు. అందుచేత అది పూర్తిగా కట్టుబడి హిందీ. ఎత్తు, దించు, పొయ్యి, తొందరగా కానియ్యి. టీ కొట్టు ముందు నిలబడి "తీన్ చాయ్ డాలో, జల్దీ డాలో" అంటే టీ వచ్చేది గానీ, ఇచ్చేవాళ్ళు ఎందుకో నిటారుగా నిలబడి ఇచ్చేవాళ్ళు.

ఊరు దాటే ముందు మిర్చీవడ తిన్నాం. మన మిరపకాయ బజ్జీకి పెద్దన్నలాంటిది. కాయ లోపల ఆలుగడ్డ కూరి, పైన మందంగా పిండి పట్టించి వేయిస్తారు. ఇరవై రూపాయలకు ఒకటి. ఒకటి తింటే మధ్యాహ్నం అన్నం అక్కర్లేదు. అన్నం ఎలాగూ దొరకదు కాబట్టి అదీ మంచిదే. వదిన మాత్రం గుడియాత్తం నుంచి తెచ్చిన చెనిక్కాయల పొడి, అదే వేరుశెనగ పొడి, దానిమీద చల్లుకుని తిని, "ఇప్పుడు తిన్నట్టు ఉండాది" అంది.

కారు హైవే ఎక్కగానే స్పీకర్లోంచి ఒక ఆడగొంతు పలికింది.

"ప్రియ యాత్రికులారా, మరుభూమికి సుస్వాగతం. మీ వాహనమును మందగతిన నడుపుడు."

వెనక సీట్లో వదిన ముందుకు వంగింది. "ఈ పాప ఏం మాట్లాడతా ఉండాది సరళా?"

"తెలుగే వదినా."

"ఇది తెలుగైతే మనం మాట్లాడేది ఏంది?"

మరుభూమి అంటే ఎడారి అనీ, మందగతి అంటే మెల్లగా అనీ చెప్పాను. "మెల్లగా పోండప్పా అంటే సరిపోయె గదా" అంది వదిన. ఆ రోజంతా నేను తెలుగులోంచి తెలుగులోకి అనువాదం చేస్తూనే ఉన్నాను. బడిలో పిల్లలకు చెప్పినప్పుడు కూడా గొంతు అంత నొప్పి పుట్టలేదు. ఆ గొంతుకు వదిన 'పాప' అని పేరు ఖాయం చేసింది. అది ఏం చెప్పినా "సరి పాపా" అని బదులు పలికేది.

పోఖ్రాన్ దగ్గరికి వస్తుండగా పాప కొంచెం ఉత్సాహంగా, "మీ కుడివైపున గల గడ్డిమైదానములందు అరుదైన బట్టమేకపిట్ట దర్శనమీయవచ్చును" అంది.

"బట్టా, మేకా, పిట్టా?" అంది వదిన. "ఒగటి తేల్చి చెప్పమను."

అది చాలా పెద్ద పక్షి అనీ, ఇప్పుడు కొన్నే మిగిలాయనీ నేను చదివింది చెప్పాను. ముగ్గురం కుడివైపు చూస్తూ చాలాదూరం పోయాం. కడకు ఒక ముళ్ళచెట్టు మీదికి ముందరికాళ్ళు ఎత్తి ఆకులు కొరుకుతున్న మేక కనబడింది.

"మేక ఉండాది" అంది వదిన. "బట్ట నేను కట్టుకోని ఉండాను. పిట్ట ఒగటే బాకీ."

పోఖ్రాన్ బజారులో వదిన రజాయిలు కొంది. రజాయి అంటే దూది కూరిన దుప్పటి. మామూలుగా బరువుంటుంది, ఇది మాత్రం చేతిలో ఉన్నట్టే ఉండదు. కొట్టు అతను రెండువేలన్నాడు. వదిన గుడ్డ అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి, పోగులు చూసి, ఏమీ అనకుండా అతని ముఖంలోకి చూసింది. అతను పద్దెనిమిది వందలన్నాడు. ఆమె చూపు తిప్పలేదు. పదిహేను వందలకు వచ్చింది. భాష అక్కర్లేని బేరం చూడటం నాకు అదే మొదలు. అలాంటివి నాలుగు కొని వెనక సీటు మీద మనిషంత ఎత్తు మూటగా పేర్చుకుని, దానికి ఆనుకుని కూర్చుంది.

జైసల్మేర్: సిమెంటు లేని కోట

డిసెంబరు పొద్దున చలికి ఊరంతా పొగమంచులో ఉంది. వదిన తను నేసిన దుప్పటి తలమీద నుంచి కప్పుకుని, కళ్ళు మాత్రం కనిపించేట్టు నడిచింది. కోట గోడలు పసుపుముద్దలా ఉన్నాయి. వేలూరులో మేమంతా చూస్తూ పెరిగిన కోట నల్లరాయిది, చుట్టూ నీళ్ళ అగడ్తతో గంభీరంగా ఉంటుంది. ఇది ఎండలో పెట్టిన బెల్లం దిమ్మెలా ఉంది. ఇంకో తేడా ఏమిటంటే దీని లోపల జనం కాపురాలున్నారు. పిల్లలు బడికి పోతున్నారు, బట్టలు ఆరేశారు, ఒకాయన కోట బురుజు కింద స్కూటరు కడుగుతున్నాడు.

మా ఆయన కోటలోకి వెళ్ళి కోట చూడలేదు, రాతి అతుకులు చూశారు. గోడకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, పొడుగునా చూశారు. గోరు పెట్టి గీకారు. "సిమెంటు లేదు, సున్నం లేదు. రాయిలో రాయి దూర్చి కట్టినారు" అని, ఎవరో తెలిసినవాళ్ళు పోయినట్టు గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. కాపలా మనిషి వచ్చి ఏదో అడిగితే ఈయన గోడ మీద తట్టి "అచ్ఛా మాల్" అన్నారు. అతను ఒప్పుకున్నాడు.

సన్న సందుల్లో ఫోను తికమక పడింది. కారు తీయడానికి వచ్చి, టైరుకు గాలి కొట్టే కొట్టు ముందు నిలబడినప్పుడు పాప, "మీరిప్పుడు మహారాణి అంతఃపురము నెదుట నిలిచియున్నారు. ఇచటి చెక్కడపు పనితనమును తిలకింపుడు" అంది. వదిన ఆ కొట్టును శ్రద్ధగా తిలకించింది. లోపల బనియనుతో ఒకాయన ట్యూబు నీళ్ళలో ముంచుతున్నాడు.

"రాణి యాడ?" అంది.

పాడుబడిన ఊరు

మధ్యాహ్నం కుల్‌ధరా వెళ్ళాం. ఒకప్పుడు నిండుగా బతికిన ఊరు. జనమంతా ఒక్కసారిగా ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారని చెబుతారు. ఇప్పుడు పైకప్పుల్లేని మొండిగోడలు వరసగా నిలబడి ఉన్నాయి. పాప ఆ కథ మొదలుపెట్టింది. నాకు వినాలనిపించింది.

"ఎందుకు పోయినారంట?" అంది వదిన.

"చెప్తా ఉండాది వదినా, ఉండు."

"మగ్గాలు కూడా ఎత్తుకోని పోయినారా? గుంత తవ్వి నాటిన మగ్గాన్ని ఎట్ల ఎత్తుకోని పోతారు? మా వీధిలో వరద వచ్చినప్పుడు..." అని గుడియాత్తంలో కౌండిన్య ఏరు పొంగినప్పటి సంగతి అందుకుంది. ఎవరి పాత్రలు ఎవరి ఇంట్లో తేలాయో, ఎవరి మేక ఎవరి మిద్దె ఎక్కిందో. పాప ఒకవైపు, వదిన ఒకవైపు. రెండు ఊళ్ళూ కలిసిపోయి ఎవరు ఎందుకు వెళ్ళారో మాకు తెలియకుండానే పాప కథ ముగించి, "ధన్యవాదములు" అంది.

మా ఆయన కారు ఆపేశారు. "అక్కా, రెండు దినాలుగా నీ గొంతే వింటా ఉండాను. ఆ పాపనైనా మాట్లాడనీ. కొంచెంసేపు నోరు మూసుకోని కూర్చో."

వదిన నోరు మూసుకుంది.

సాయంత్రం సమ్ అనేచోట ఇసుకతిన్నెల మీద కూడా మూసుకునే ఉంది. అంత ఇసుకను అంత నిశ్శబ్దంగా చూస్తామని అనుకోలేదు. అలలు అలలుగా, ఎవరో కుచ్చెళ్ళు పెట్టి ఇస్త్రీ చేసి వదిలినట్టు ఉంది. ఒంటెలవాళ్ళు, పాటలవాళ్ళు, ఫోటోలవాళ్ళు మమ్మల్ని చుట్టుముట్టారు. మా ఆయన ఎవరినీ పట్టించుకోకుండా గుప్పెడు ఇసుక అరచేతిలో రుద్ది, వాసన చూసి, "ఇంత ఇసక ఉండాది, ఒగ తట్ట కూడా కట్టుబడికి పనికిరాదు. పిండి మాదిరి జారిపోతా ఉండాది. మన పాలారు ఏటి ఇసక ముందర ఇదేం గాదు" అన్నారు. మామూలుగా అయితే వదిన దీనికి పది మాటలు కలిపి ఉండేది. ఆమె ఇసుక మీద కూర్చుని దూరంగా చూస్తూ ఉండిపోయింది. నాతో కూడా మాట్లాడలేదు. రాత్రి భోజనంలో నేతిలో ముంచిన గోధుమ ఉండలు, పప్పు పెట్టారు. రెండు ఉండలు తిని చెయ్యి కడుక్కుంది. చెనిక్కాయల పొడి డబ్బా మూత తీయలేదు. అది చూసి నాకు భయం వేసింది.

రాంగఢ్ దారిలో

మర్నాడు రాంగఢ్ మీదుగా సరిహద్దు దగ్గరి తనోట్ గుడికి బయలుదేరాం. రోడ్డు ఎంత బాగుందంటే, మా అణైకట్ రోడ్డు గుర్తొచ్చి సిగ్గేసింది. రెండువైపులా గాలిమరలు, జమ్మిచెట్లు, గొర్రెల మందలు. తర్వాత గాలిమరలు అయిపోయాయి. తర్వాత చెట్లూ అయిపోయాయి. ఫోన్లలో సిగ్నల్ అంతకుముందే పోయింది. పాప మాత్రం, ముందే ఫోనులోకి దింపుకుని ఉండటంవల్ల, మాట్లాడుతూనే ఉంది.

దారిలో ఒక గుడిసె టీకొట్టు దగ్గర ఆగాం. వెనక నాలుగైదు మట్టి ఇళ్ళు, మేకల దొడ్డి. వదిన కారు దిగలేదు. టీ తీసుకెళ్ళి ఇస్తే, దుప్పటి ముసుగులోంచి చెయ్యి బయటపెట్టి అందుకుని, తాగి, గ్లాసు ఇచ్చేసింది. మాట లేదు. మేమిద్దరం గ్లాసులిచ్చి, టీకొట్టు పెద్దాయనతో కాసేపు కట్టుబడి హిందీ మాట్లాడి, వచ్చి కారెక్కాం. వదిన రజాయి మూటకు ఆనుకుని, తలమీద దుప్పటితో, అటు తిరిగి పడుకుని ఉంది. బయలుదేరాం.

చాలాదూరం పోయాం. తర్వాత మా ఆయన అద్దంలో వెనక్కి చూసి గొంతు సవరించుకున్నారు.

"అక్కా, నిన్న నేను అట్ల అనకూడదు."

జవాబు లేదు.

"కోపంగా ఉండావని తెలుసు. ఉండు. కానీ విను." కళ్ళు రోడ్డు మీదే పెట్టి చెప్పుకుపోయారు. "నాకు పదహారేండ్లప్పుడు వేలూరులో సారం మీద నుంచి పడినా గదా." సారం అంటే కట్టే గోడ చుట్టూ కొయ్యలతో కట్టే మెట్టు. మేస్త్రీలు దానిమీదే నిలబడి పనిచేస్తారు. "కాలు బాగైనాక కూడా కొయ్యలు చూస్తే వణుకు. ఇంక పనికి పోను, మగ్గమే నేస్తా అన్నా. నువ్వు ఏం చేసినావు? నన్ను బస్సు ఎక్కించి పనికాడికి పిల్చుకోని పోయినావు. చీర కుచ్చెళ్ళు దోపుకోని నువ్వే ముందర సారం ఎక్కినావు, మూడో అంతస్తు దాకా. 'రారా, ఏమీ లేదు' అని పైనుంచి పిలిచినావు. నేను ఎక్కినా. ఆ దినం ఎక్కకపోయింటే నేను మేస్త్రీనే గాదు."

ఆయన కారు వేగం తగ్గించారు.

"మళ్ళా నువ్వే దిగలేక ఏడిస్తివి. మా మేస్త్రీ నడుముకు తాడు కట్టి దించినాడు. అందరూ నవ్వినారు. నాకోసం నవ్వులపాలైనావు. అట్లాంటి నిన్ను పట్టుకోని నోరు మూసుకో అన్నా. తప్పు అక్కా."

పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, ఈ సంగతి నాకు తెలియదు. ఆయన అంతసేపు ఒక్క బిగిన మాట్లాడటం కూడా ఎరగను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకే కొంచెం కోపం వచ్చింది.

"వదినా, ఇంత చెప్తా ఉంటే ఒగ మాటైనా అనకూడదా?" అని వెనక్కి తిరిగి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

భుజం మెత్తగా లోపలికి పోయింది.

దుప్పటి తీశాను. కింద నాలుగు రజాయిలు ఉన్నాయి.

వెనక్కి

కారు ఆగిన తీరుకు చెనిక్కాయల పొడి డబ్బా దొర్లి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఇద్దరం దిగి వెనక తలుపు తీసి చూశాం, రజాయిల కింద ఎక్కడైనా ఉందేమో అన్నట్టు. ఆమె సంచి ఉంది. సంచిలో ఫోను, బీపీ మాత్రలు, నీళ్ళ సీసా అన్నీ ఉన్నాయి. చెప్పులు మాత్రం లేవు. అంటే టీకొట్టు దగ్గర మేము అటు తిరిగి మాట్లాడుతుండగా, దుప్పటి మూటమీద వేసి, అవతలి తలుపు తీసుకుని పొదల చాటుకు వెళ్ళింది. మాతో మాట్లాడటం లేదు కాబట్టి చెప్పలేదు.

"ఏం పనైపోయె సరళా" అన్నారు మా ఆయన. చుట్టూ చూస్తే ఆకాశం, ఇసుక, మధ్యలో మేము. అప్పటిదాకా అందంగా కనబడిన ఖాళీ అదే. అంత ఖాళీలో హిందీ ముక్క రాని మనిషి, మాత్రలు లేకుండా.

కారు తిప్పగానే పాప, "మీరు మార్గము తప్పినారు. దయచేసి వెనుకకు మరలుడు" అంది.

"మరలినాం తల్లీ, దానికే పోతా ఉండాం" అన్నారు ఆయన.

నిమిషానికోసారి అదే మాట. ఆపేద్దామంటే దారి మ్యాపు కూడా అందులోనే ఉంది. ఇంకో కష్టం ఏమిటంటే, ఆ దారిలో టీకొట్లన్నీ ఒకే తీరు. మొదటి కొట్టు కనబడగానే ఆయన దూకి, "మేరా అక్కా కిధర్? అక్కా ఇధర్ డాలా" అన్నారు. ఆ కొట్టు అబ్బికి అక్కా అర్థం కాలేదు గానీ డాలా, అంటే వేశాను అన్న మాట, అర్థమైంది. చక్కెర డబ్బా చూపించి, ఇందులోనే వేశాను చూడమన్నాడు. "దీదీ అనండి" అన్నాను నేను. "మేరా దీదీ ఇధర్ డాలా" అన్నారు ఈయన. అతను డబ్బా మూత పెట్టి మా వంక అనుమానంగా చూశాడు. అప్పుడు గమనించాను, ఇతని కొట్టు వెనక ఇళ్ళు లేవు. ఇది అది కాదు.

అక్కడి నుంచి నేను మొక్కని దేవుడు లేడు. తిరువలం స్వామికి అభిషేకం, తనోట్ అమ్మవారికి చీర. ఆయన ఏమీ మొక్కలేదు. "దప్పి తట్టుకోదురా అక్క" అని ఎవరికో చెబుతున్నట్టు అంటూ నడిపారు.

ధాపు ఇంటి ముందర

మేకల దొడ్డి కనబడింది. టీకొట్టు పెద్దాయన మమ్మల్ని చూడగానే నవ్వి, వెనక ఇళ్ళవైపు చెయ్యి చూపాడు. పరుగెత్తాం. ఒక ఇంటి ముందు నులకమంచం మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మా ఆయనను చూసి ముగ్గురూ గబుక్కున ఎర్రటి ఓణీలు ముఖాలమీదికి లాక్కున్నారు. అక్కడ పరాయి మగవాడు వస్తే అలా ముసుగు వేసుకుంటారు. మనవైపు అయితే లేచి నీళ్ళిస్తారు. ఆయన మూడు ముసుగుల ముందు నిలబడిపోయారు. ఎవరిని ఏమని అడగాలి?

నడిమి ముసుగు లోపల నుంచి అరవం వినబడింది.

"ఆంబూరు బస్టాండు పక్కనా తంబీ? మరి గుడియాత్తం ఎప్పుడు వస్తావు?"

మా ఆయన అక్కడే నేలమీద కూర్చుండిపోయారు.

జరిగింది ఇది. మేము వెళ్ళిపోయాక వదిన రోడ్డు మీద నిలబడి మమ్మల్ని పేరుపేరునా అరవంలో తిడుతుంటే, టీకొట్టు పెద్దాయన భార్య ధాపు విని బయటికి వచ్చింది. ఆమెకు ఆ మాటలు అర్థం కాలేదు గానీ, ఎక్కడో విన్నట్టనిపించింది. ఆమె మరిది మాంగీలాల్ ఫోనులో ఎవరితోనో కసురుకునేటప్పుడు అచ్చం అలాగే ఉంటుందట. మాంగీలాల్ ఆంబూరులో పైపుల కొట్లో పనిచేస్తాడు. వాళ్ళ ఫోనుకు సిగ్నల్ ఉంది, కంపెనీ వేరు. ధాపు వదినకు తన ఓణీ ఒకటి కప్పి, మరిదికి ఫోను కలిపి చేతిలో పెట్టింది.

"ఎంద ఊరు అమ్మా?" అన్నాడట అతను, ఏ ఊరని.

"గుడియాత్తం."

అతను, "నేను వారానికోసారి మీ ఊరికి పైపులు ఎత్తుకోని వస్తా గదమ్మా. మా ఇంట్లో నువ్వెట్ల ఉండావు?" అన్నాడట. తన ఊరికి అంత దగ్గర్లో ఉన్న మనిషితో మాట్లాడటానికి ఆమె దేశం ఈ కొసకు రావలసి వచ్చింది.

వదిన మమ్మల్ని చూసింది. ఫోనులో, "వచ్చేసినారు తంబీ, మళ్ళా మాట్లాడతా" అని అరవంలో చెప్పి పెట్టేసింది. ముసుగు తీయలేదు.

"అక్కా" అన్నారు మా ఆయన.

"ఎవురు నువ్వు?"

"అక్కా, పోదాం పా."

"రొట్టె కాలుస్తా ఉండారు. తిని వస్తా. మీకు పనులుంటే పోండి. పోయేది బాగానే తెలుసు గదా మీకు."

కూర్చున్నాం. సజ్జరొట్టె, ఎండబెట్టిన జమ్మికాయలతో నూనె కారే కూర, లోటా నిండా మజ్జిగ. ఆ రొట్టె విరిచి వదిన, "మన రాగిసంగటి ఎండలో పడుకుంటే ఇట్ల అవుతాది" అంది. మూడు రోజుల్లో నేను తిన్న వాటిలో రుచైన తిండి అదే. లేక ఆ రోజు ఏం పెట్టినా అలాగే ఉండేదేమో. ధాపు మోచేతుల పైదాకా తెల్లటి గాజులు వేసుకుంది. వదిన చీర అంచు పట్టుకుని ఏదో అడిగింది. వదిన రెండు చేతులతో గాలిలోనే మగ్గం ఆడించి చూపింది. ఇద్దరూ నవ్వారు. బయలుదేరేటప్పుడు వదిన కారు దగ్గరికి వచ్చి, తను నేసిన దుప్పటి తీసి ధాపుకు కప్పింది. ధాపు కొంగు నిండా జమ్మికాయలు తెచ్చి మా సంచిలో పోసింది.

డబ్బు ఇవ్వబోతే పెద్దాయన చేతులు జోడించాడు. టీకి కూడా తీసుకోలేదు.

తిరుగుదారి

ఎవరూ చెప్పకుండానే వదిన ముందు సీట్లో కూర్చుంది. నేను రజాయిలతో వెనక్కి పోయాను. ఆ రోజుకు తనోట్ మానుకుని జైసల్మేర్‌కు తిరిగాం. కొంతదూరం పోగానే సిగ్నల్ వచ్చింది. మా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. మాంగీలాల్ మంచివాడు. వదినకు గుర్తున్నది కొడుకు నంబరు ఒక్కటే అయితే దానికి ఫోను చేసి, మీ అమ్మ ఎడారిలో మా ఇంట్లో ఉంది, వదిలేసి పోయారు అని చెప్పాడు. కొడుకు మాకు చేస్తే తగల్లేదు. ఊళ్ళో తగిలినవాళ్ళందరికీ చేశాడు. మా అమ్మాయి చెన్నై నుంచి, పినమామ కాట్పాడి నుంచి, పేరు తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో. అందరికీ వదినే బదులు చెప్పింది. "ఆ, వదిలేసినారు. లేదు, దొరికినా. అవును, నా తమ్ముడే."

ఫోన్లు ఆగాక అంది, "అంతదూరం పోయినారే, నేను లేనని తెలవలా మీకు? ఏం మాట్లాడుకుంటా పోయినారు?"

మా ఆయన రోడ్డువైపే చూస్తున్నారు. నేనే చెప్పాను. "నీతోనే మాట్లాడినాడు వదినా. రజాయి మూటను నువ్వనుకోని."

"ఏమని?"

"సారం ఎక్కిన సంగతి."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "మళ్ళా ఒగసారి చెప్పు."

"చెప్పను."

"మూటకు చెప్పినావు, నాకు చెప్పవా?"

ఆయన చెప్పారు. మొదటిసారి అంత బాగా రాలేదు. మాటలు తడబడ్డాయి, మధ్యలో అక్కర్లేకుండా హారను కొట్టారు. అయినా అంతా చెప్పారు, తప్పు అక్కా అన్నదాకా. వదిన శ్రద్ధగా విన్నది. అయ్యాక అంది:

"మూడో అంతస్తు గాదురా, రెండోదే."

"సరి అక్కా."

"దిగలేక ఏడ్చినానని ఎవురు చెప్పినారు?"

"అందరూ చూసినారు గదా."

"వాళ్ళకేం తెలుసు." వదిన కిటికీలోంచి బయటికి చూసింది. "ఆ పొద్దు దాకా నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చున్నదాన్నే. అంత ఎత్తు ఎప్పుడు ఎక్కినా? ఆడ్నుంచి కోట అంతా కనబడ్తా ఉండె. అగడ్తలో నీళ్ళు, ఆపక్క కొండలు, యాడికో పోతా ఒగ రైలు. దిగమంటే నాకు దిగబుద్ధి కాలా. ఏడిస్తే ఇంకొంచెంసేపు ఉండనిస్తారని ఏడ్చినా."

కొంచెందూరం పోయాక రోడ్డు ఒక మిట్ట ఎక్కింది. ఆయన కారు పక్కకు తీసి ఆపి, ఇంజను కట్టేశారు. ముందర కనుచూపు మేర ఇసుక తప్ప ఏమీ లేదు. దాని మీద పొద్దు వాలుతోంది.

"చూడు అక్కా" అన్నారు. "తొందర లేదు."